త్రవ్వుటకు అనుమతి

మా బాన్సువాడ ప్రాంతమున బడిపంతులకు పాఠము చెప్పుటతో పని తీరదు. సర్కారు కాగితము చేతికి వచ్చిన ప్రతివాడును దానిని చదివి చెప్పుమని పంతులయొద్దకే వచ్చును. బ్యాంకువారి తాఖీదు, ఆసుపత్రి చీటి, పట్టా నకలు, కోర్టు నోటీసు మొదలగునవి యెన్నియో మా యింటి యరుగుమీద చదువబడినవి. గడచిన వేసవిలో సమీప గ్రామమునుండి యొక వృద్ధు డట్టి కాగితమొకటి తెచ్చెను. వారి యూరి చివరి యిండ్లను ఆనుకొని యొక చిన్న గుట్టయు, ఆ గుట్ట దిగువ నొక కుంటయు కలవు. గుట్టలో కొంతయు, కుంట శిఖములో కొంతయు చేర్చి, మొరము త్రవ్వుకొనుటకు ఎవరో అనుమతి కోరిరట. అభ్యంతరము లున్నచో వ్రాసి యీయవలెనని ఆ కాగితమునందు కలదు. పైభాగమున ఆంగ్లము, అడుగున కచేరి తెలుగు. రెండును ఆ వృద్ధునకు సమానముగనే అంతుబట్టనివి.

మేము చదివి తాత్పర్యము చెప్పితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, "ఏం రాయమంటరు సారూ? వద్దంటే వద్దని రాస్త, ఇమ్మంటే ఇమ్మని రాస్త. మీరు సదువుకున్నోళ్లు" అనెను. "వద్దనియే వ్రాయుదము తాతా" అని మేము కాగితము తీయబోవుచుండగా, ఆయన మా యింటివైపు చూచి, ఎట్టి వ్యంగ్యమును లేకుండ, తెలియకనే అడిగినట్లు, "మీ యింటి కింద మొరం ఏడికెళ్లి తెచ్చిండ్రు సారూ?" అనెను.

ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేదు. ఇల్లు కట్టించి తొమ్మిదేండ్లయినది. ఇటుక లెక్క, సిమెంటు సంచుల లెక్క, కూలి లెక్క, అన్నియు నొక పుస్తకములో వ్రాసి యుంచితిమి. మొరము ఇన్ని ట్రాక్టరులని యున్నదేగాని ఏ గుట్టదో వ్రాసికొనలేదు. ఇసుక మంజీరదని మాత్రము తెలియును. ఏ రేవుదో తెలియదు. వద్దని వ్రాయుటకు ఎత్తిన కలమును ఆనాడు క్రింద పెట్టి, మరునాడు రమ్మని చెప్పి పంపితిమి. ఆ రాత్రి మేము విచారించుకొన్నదానినే చదువరులముం దుంచుచున్నాము. ఒకరి యింటికి కావలసిన మట్టి మరియొకరి యింటిచెంతనుండి, వారి నీటి యడుగునుండి రావలసి యున్నప్పుడు, ఆ రెండింటిని తూచుట యెట్లు? తూచువా డెవడు?

త్రవ్వుటయే పాపమను వాదముతో మాకు ఏకీభావము లేదు. మానవుడు నేలను త్రవ్వియే నాగరకు డయ్యెను. బావి యైనను, చెరువైనను, పునాది యైనను త్రవ్వినదే. మన పూర్వులు సప్తసంతానములలో కన్నకొడుకుతోపాటు తటాకమును గూడ లెక్కించిరి. కడప మండలములోని పోరుమామిళ్ల చెరువునకు సంబంధించి 1369 వ సంవత్సరపు శాసన మొకటి కలదు. మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు ఆ చెరువును కట్టించెను. వేయిమంది కూలీలును, నూరు బండ్లును రెండేండ్లు పనిచేయగా ఆ కట్ట నిలిచినదట. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, తప్పించుకొనవలసిన ఆరు దోషములను ఆ శాసనము పేర్కొనుచున్నది. ఆ సాధనములలో నొకటి యేదియన, చెరువునకు చేరువలో నిడుపైన తిన్నని రాళ్లు దొరకు గని యుండవలెననుట. అనగా ఆరున్నర శతాబ్దములక్రిందటి ఆ ధర్మకర్తయు గని లేక చెరువు లేదని యెరిగియే యుండెను. నీటిని ప్రేమించువాడు రాతిగనిని ద్వేషింప నవసరము లేదు.

మా కాలువల సంగతి చూడుడు. 1923 లో ఆరంభమై 1931 లో ముగిసిన నిజాంసాగరము లేకున్న ఈ తాలూకాలలో వరి యెక్కడిది, చెఱకెక్కడిది? నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు పర్యవేక్షణమున మంజీరకు అడ్డముగ కట్టిన ఆ యానకట్టకై ఎన్ని గుట్టలు పగులగొట్టిరో, ఎంత నేల త్రవ్విరో! నీట మునిగిన పల్లెలు గూడ కలవు. మా పళ్లెములోని యన్నము ఇతరులు విడిచిన యిండ్లమీదుగా వచ్చినదే. దీనిని మరచి, త్రవ్వువారినందరను రాక్షసులుగా చిత్రించుట సత్యము కాదు. రాయికొట్టియు మట్టిమోసియు బ్రదుకు వడ్డెరల చేతులమీదుగానే మన చెరువులును కోటలును లేచినవి. ఆ చేతులకు పని లేకుండ చేసి, మన మనస్సాక్షి నిర్మలముగ నున్నదని సంతోషించుటయు ధర్మము కాదు.

అయినను త్రవ్వుట యనునది యొకే పని కాదు. పేరొకటియే యగుటచే మనము మోసపోవుచున్నాము. 2015 వ సంవత్సరము మార్చి 12 వ తేదీన మా పొరుగుననే, సదాశివనగరు పాతచెరువునొద్ద, మిషన్ కాకతీయ ఆరంభమయ్యెను. తెలంగాణములోని నలుబదియారు వేలకు పైగా చెరువులను బాగుచేయుట దాని సంకల్పము. అప్పుడును యంత్రములు చెరువు కడుపును త్రవ్వినవి. అప్పుడును బండ్లు మట్టిని మోసినవి. కాని త్రవ్వినది ఏండ్లతరబడి చేరిన పూడిక. అది పోయినది ఆయకట్టు పొలములకు. చెరువునకు లోతు పెరిగెను, పొలమునకు సారము పెరిగెను. మా వృద్ధుడు తెచ్చిన కాగితములోని త్రవ్వకము అట్టిది కాదు. మొరము పూడిక కాదు. గుట్టనుండి తీసిన మొరమును ఏ వానయు తిరిగి పోయజాలదు. కుంటలో మొరము కావలెనన్నచో పైనున్న బంకమట్టి పొరను చీల్చుకొని పోవలెను. ఆ బంకమట్టియే కుంటలో నీటిని నిలుపునది. కుండ యడుగున చిల్లు పెట్టి, కుండ లోతైనదని చెప్పుట వంటిది ఆ పని.

కావున ఏ త్రవ్వకమునైనను మూడు మాట లడిగి చూడవలెను. తీసినది తిరిగి వచ్చునా? అది యెవరి పనికి పోవును? మిగిలిన గుంట యెవరి వాకిట నుండును? పూడికతీతలో మూడు జవాబులును ఒకే ఊరి పేరు చెప్పును. మొరము త్రవ్వకమున లాభమొకచోటికి పోయి, గుంట యొకచోట మిగులును. లాభమును గుంటయు వేరువేరు గ్రామములందున్నప్పుడే నీతిప్రశ్న పుట్టుచున్నది.

తిరిగి వచ్చునా యను మాటకు మంజీరయే పెద్ద యుదాహరణము. నది యిసుక ఏటేట వచ్చునదేకదా, ఎంత తీసిన నేమని మావారు సాధారణముగ అందురు. నదికి అడ్డు లేనప్పు డది కొంతవరకు నిజమే. కాని మనము నిజాంసాగరమునకు దిగువవారము. ఎగువనుండి వచ్చు యిసుకయు ఒండ్రును ఆ జలాశయములోనే చాలవరకు ఆగిపోవుచున్నవి. కట్టిననాడు దాదాపు ముప్పది టి.యం.సీ.ల నీరు పట్టిన ఆ సాగరము పూడికవలన కొన్ని దశాబ్దములకే సగమునకు లోపడెను. పిమ్మట నీటిమట్టమును పెంచగా 17.8 టి.యం.సీ.లకు వచ్చినది. సాగరమునకు పూడికగా మారినదే దిగువ నదికి ఇసుక కావలసినది. ఇక మన రేవులకు వచ్చునది వాగులు తెచ్చు కొలదిపాటి యిసుకయే. తాత కూడబెట్టిన ధాన్యమును ఏటి పంటయని భ్రమించి తినుచున్న మనుమని వలె మన మున్నాము. పైగా నదిలోని యిసుక కేవలము వస్తువు కాదు. అది వాననీటిని పట్టియుంచి, ఒడ్డునున్న బావులకును బోరులకును వేసవిలో మెల్లగ నందించు గాదె. గాదెను పగులగొట్టి అమ్ముకొన్నవాడు గింజలు నిలుచుటలేదని వగచి ప్రయోజనము లేదు.

ఇక చిత్తడినేల మాట. కుంట చిత్తడినేల యగునా కాదా? అక్కడ కప్పలు, చేపలు, కొంగలు, తుంగ, తామర యున్నవి, గొల్లలు మేకలను, గొఱ్ఱెలను తోలుకొని వచ్చి నీరు పట్టింతురు, చాకలివారు బట్టలుతుకుదురు. కన్నులున్నవానికి ఇది సందేహము కాదు. 1971 లో ఇరానులోని రాంసారు పట్టణమున దేశములు చేసికొన్న యొడంబడిక గూడ మానవులు కట్టిన జలాశయములను చిత్తడినేలలలో చేర్చుచున్నది. అయితే మన దేశములో 2017 వ సంవత్సరమున వెలువడిన చిత్తడినేలల నియమములు వరిమడులను, నదీగర్భములను, త్రాగునీటికొరకును సేద్యముకొరకును మానవులు కట్టిన జలాశయములను ఆ నిర్వచనమునుండి తప్పించినవి. తెలంగాణములోని నీరు చాలవరకు మానవుడు కట్టినదే. కాకతీయుల పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు మొదలు మా యూరి కుంటవరకు అన్నియు చేతితో చేసినవే. మన పూర్వులు చెమటోడ్చి చేసిరి గనుక దానిని చిత్తడినేల యనరాదట! ఈ నియమమునకు దాని కారణములు దానికుండవచ్చును. చెరువులను కాపాడుటకు వేరు చట్టములు గూడ కలవు. మేము చెప్పునది యొక్కటియే. చట్టము పేరు పెట్టనంతమాత్రమున వస్తువు లేకపోదు. కొంగకు గెజెట్టు చదువుట రాదు.

పేరు పెట్టుటలో ఎంత ప్రమాద మున్నదో శ్రీకాకుళపు సోంపేటవారికి తెలియును. అచ్చటి బీల యనబడు చిత్తడినేలలో వరి పండును, చేపలు దొరకును, పశువులు మేయును. వేలమంది దానిమీద బ్రదుకుచుందురు. కాగితములలో అది పనికిరాని బీడని వ్రాయబడెను. ఆ వ్రాతననుసరించి బొగ్గు విద్యుత్కేంద్రమునకు భూమియు, 2009 లో పర్యావరణానుమతియు లభించినవి. 2010 జూలై 14 వ తేదీన పనులను ప్రతిఘటించిన జనులపై పోలీసులు కాల్పులు జరిపిరి, ప్రాణములు పోయినవి. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ యనుమతిని రద్దుచేసెను. ఏ భూమి బీడు కాదని ఢిల్లీలో తేలినదో ఆ భూమిమీదనే, ఆ నాడే, నెత్తురు కారెను. ఒక గుమాస్తా కలమునుండి జారిన 'బీడు' అను మాటను ముందే యెవరైన ఆ బీలయొడ్డున నిలిచి సరిచూచి యుండినచో! తూకము వేయుటకు ముందు తూచబడు వస్తువు పేరైనను సరిగా వ్రాయవలెను. అది దయ కాదు, న్యాయములో మొదటి మెట్టు.

ఇట ఒక పూర్వపక్షము వచ్చును. "ఒక పల్లె కొఱకు పదిపల్లెల రోడ్డు ఆగవలెనా? నలుబది యిండ్లకు దుమ్ము పడునని నాలుగువందల యిండ్లు లేవకూడదా?" అని యందురు. ఆంగ్లము చదివినవారు బెంథాము పేరు చెప్పి, అత్యధికసంఖ్యాకుల అత్యధికసౌఖ్యమే ధర్మమందురు. సంస్కృతము చదివినవారు, కులముకొఱకు ఒకనిని, గ్రామముకొఱకు కులమును, దేశముకొఱకు గ్రామమును విడువవచ్చునను భారతనీతిని చూపుదురు. ఈ రెండవ మాటను మేమును విద్యార్థులకు ఏండ్లతరబడి చెప్పినవారమే. కాని అది యెవరు ఎవరితో చెప్పినదో ఆ రాత్రి మరల తలచుకొంటిమి. విదురుడు ధృతరాష్ట్రునితో చెప్పిన మాట యది. విడువుమని చెప్పినది దుర్యోధనుని. వినుచున్నవాడు ఆ దుర్యోధనుని తండ్రి, రాజు. అనగా, సింహాసనముమీద నున్నవానిని తన సొంత బిడ్డను విడువుమని యడిగిన నీతి యది. మనము దానిని తలక్రిందులు చేసి, అధికారము లేనివానిని వాని గ్రామము విడువుమని చెప్పుటకు వాడుకొనుచున్నాము. త్యాగము చేయువాడు తానై చేసిన త్యాగము. ఇతరునిచేత చేయించినచో దానికి వేరు పేరున్నది.

అత్యధికసంఖ్య లెక్కలోను ఒక లోపమున్నది. నాలుగువందల యిండ్లవారికి మొరము మరియొక గుట్టనుండి, కొంచె మెక్కువ కిరాయితో, రావచ్చును. కుంట పోయినవారికి మరియొక కుంట రాదు. ఒకవైపున సౌకర్యము, మరియొకవైపున జీవనాధారము. పది సౌకర్యములను కుప్పవేసినను అది యొక జీవనాధారముతో తూగదు. తులములు వేరైనప్పుడు తలల లెక్క పనికిరాదు. మిల్లు మహాశయుడు 1859 లో స్వాతంత్ర్యమును గూర్చి వ్రాసిన గ్రంథమున, ఇతరులకు హాని కలుగనంతవరకే మనుష్యుని యిచ్ఛకు ఎల్లలు లేవని వాదించెను. త్రవ్వువాని హక్కు పొరుగువాని బావిగట్టునొద్ద ఆగవలెననుటకు అంతకంటె పెద్ద సిద్ధాంత మక్కరలేదు.

అట్లని ఇండ్లకంటె నీరే యెల్లప్పుడు గొప్పదని ఒక్క మాటతో తేల్చుటయు న్యాయము కాదు. తిరుపతివద్ద పేరూరు, అవిలాల చెరువుల వ్యవహారము దీనికి సాక్ష్యము. ఆ చెరువుల భూములను ప్రభుత్వము 1991 లోను, 1994 లోను తిరుమల తిరుపతి దేవస్థానములకును, గృహనిర్మాణ మండలికిని ఇచ్చివేసెను. పట్టణవాసులగు కొందరు విద్యావంతులు న్యాయస్థానము కెక్కిరి. 2006 ఫిబ్రవరి 23 వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ప్రకృతిసంపదకు ప్రభుత్వము యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే యనెను. చెరువుభూములలో ఇకమీద కట్టరాదనెను. కాని అప్పటికే లేచిన యిండ్లను కూల్చుమనలేదు. వాననీటిని నేలలోనికి దింపు ఏర్పాటులు మొదలగు షరతులు విధించెను. తీర్పు నీటివైపు మొగ్గినను, ఇండ్లలో నున్నవారిని మరువలేదు. ఆలస్యముగ వచ్చిన న్యాయము ఇట్లే రాజీపడవలసి వచ్చును. ఒకసారి పునాది పడినతరువాత త్రాసు ముల్లు వంగిపోవును. కావుననే, తూకమంతయు అనుమతికి ముందు జరుగవలెను. అనుమతి తరువాతి తూకము ఓదార్పే.

ముందుగా తూచుటలో గూడ ఒక మాయ కలదు. చిన్నచిన్న ముక్కలుగ అడుగుట. ఒక గుట్టను ఒక్కసారి అడిగినచో పదిమంది ప్రశ్నింతురు. దానినే నాలుగైదు ముక్కలు చేసి వేరువేరు పేర్లతో అడిగినచో ఏ ముక్కయు పెద్దదిగ కనబడదు. 2012 ఫిబ్రవరి 27 వ తేదీన, హర్యానాకు సంబంధించిన దీపక్ కుమార్ వ్యాజ్యములో, సుప్రీంకోర్టు ఈ మాయను గుర్తించినది. అయిదు హెక్టార్లకు లోపడిన చిన్న ఖనిజముల కౌలులకు గూడ పర్యావరణానుమతి యుండవలెనని చెప్పినది. ఇది న్యాయమూర్తులు మాత్రమే యెరుగవలసిన సూక్ష్మము కాదు. మా బడిలో పిల్లలు ఒక్కొక్కరు ఒక్కొక్క సుద్దముక్క తీసికొనిపోయి, "నేను తీసినది ఒక్కటే సారూ" అందురు. సాయంకాలమునకు పెట్టె ఖాళీ. ఎవ్వరును దొంగలు కారు, సుద్దమాత్రము లేదు.

మరి త్రాసు ఎవరి చేత నుండవలెను? దూరముననున్న కచేరికి గుట్ట యొక సర్వేనంబరు. కొనువానికి ఇన్ని ట్రాక్టరులు. ఊరివానికి పశువులను తోలు దారి. ముగ్గురు చూచునదియు నిజమే. కాని తప్పు జరిగినచో బాధపడునది మూడవవాడే. తప్పునకు శిక్ష అనుభవింపబోవువానికి తీర్పులో మాట లేకుండుట ఏ న్యాయము? ఊరివారికి చేతగాదందురు. చేతగాకున్న ఇన్ని శతాబ్దములు ఈ చెరువులు ఎట్లు నిలిచినవి? తెలంగాణమున ప్రతి పెద్ద చెరువునకు నీరటి యుండెడివాడు. తూము ఎప్పుడు ఎత్తవలెనో, ఎవరి మడికి ఎంత పారవలెనో వానికి ఊరు అప్పగించిన పని. అమెరికాలో ఎలినోర్ ఓస్ట్రమ్ అను విదుషి ఉమ్మడి నీళ్లు, అడవులు, చేపలరేవులు మొదలగువాటిని దేశదేశముల పరిశీలించి, వాడుకొనువారు తామే నియమములు చేసికొని కాపాడుకొనుట సాధ్యమేయని 1990 లో ఒక గ్రంథమున నిరూపించెను; అందుకుగాను 2009 లో నోబెలు బహుమానము పొందెను. మా నీరటికి బహుమానము రాలేదుగాని ఆ శాస్త్రము వానికి తెలియనిది కాదు.

ఊరు చెప్పినదెల్ల ధర్మమని మా భావము కాదు. ఊరిలోను బలవంతులు, బలహీనులు కలరు. గ్రామసభలో గొంతు పెద్దదైనవాని ట్రాక్టరే రేపు మొరము మోయవచ్చును. చివరి యిండ్లవారు, తండావారు, ఆడవారు సభకు రాకపోవచ్చును. వచ్చినను నోరు విప్పకపోవచ్చును. కావున విచారణ జరిగినదని వ్రాసికొనుట చాలదు. ఎవరు మాటాడలేదో వారిని వెదకి అడుగవలెను. కాగితము వారి భాషలో నుండవలెను. అభ్యంతరమునకు గడువు వారి పంటకోతలను చూచి పెట్టవలెను. అర్థము కాని భాషలో అడిగి, మౌనమును సమ్మతిగ వ్రాసికొనుట మోసమే.

ఇంకొక మాట. నిరూపణభారము అడుగువానిపై నుండవలెను. ఇప్పుడు జరుగుచున్న దేమన, కుంట ఎండునని ఊరివారు రుజువు చేయవలెను. అది యెండినతరువాతగాని రుజువు దొరకదు! తిరుగరాని పనిని చేయబూనువాడే, దానివలన కీడు లేదని ముందు చూపవలెను. నష్టపరిహార మిచ్చెదమందురు. కూలిన గోడకు పరిహార మున్నది. నీరు దొరకక బోరుమీద బోరు వేసి అప్పులపాలైనవానికి ఏ పద్దుక్రింద ఇత్తురు? గుంటలో నీరు నిలిచి, ఈతకు దిగిన బిడ్డ రాకపోయిన తల్లికి ఏమిత్తురు? చెరువు తెగగొట్టినవానికి మనుస్మృతి ప్రాణదండనము విధించినది. అంతటి క్రౌర్యము మనకు వలదు. గాని కొన్ని నష్టములు ధనముతో తీరునవి కావని ఆ కాలపువారు భయపడిరి. ఆ భయము మాత్రము వివేకమే.

"అయితే నీ యిల్లు?" అని చదువరులు మమ్మడుగుదురు. అడుగవలసినదే. మేము ఇల్లు కట్టుకొనియుండి, ఇతరులు కట్టుకొనుటకు అడ్డు చెప్పుట హాస్యాస్పదము. సర్కారువారు పేదలకు కట్టించు యిండ్లకును మొరము కావలెను, ఇసుక కావలెను. రాతియిసుక వాడుమందురు, దానికిని ఏదో యొక గుట్ట పగులవలసినదే. కావున త్రవ్వకము లేని లోకమును మేము వాగ్దానము చేయలేము. కాని కొలత యుండవలెనని చెప్పగలము. 2016 లో కేంద్రప్రభుత్వము వెలువరించిన యిసుక మార్గదర్శకములలో, మూడు మీటర్లకు మించి గాని, నీరు తగులు మట్టము దాటి గాని త్రవ్వరాదని కలదు. ఆ కొలతను కాగితముమీదినుండి రేవులోనికి దింపినచో సగము కలహము తీరును. పాత యిల్లు పడగొట్టిన రాయిని, ఇటుకముక్కను పునాదిలో వాడినచో మరికొంత తీరును. అవసరము లేని ప్రహరీ గోడలు, ముగ్గురికి కట్టు ఏడుగదుల యిండ్లు మానుకొన్నచో ఇంకను కొంత. ఈ చివరి మాట వ్రాయునప్పుడు మా యింటి మేడగదిని తలచుకొంటిమి. అందులో నేడు పాతపుస్తకములు తప్ప ఎవ్వరును లేరు.

మరునాడు వృద్ధుడు వచ్చెను. వద్దనియు వ్రాయలేదు, ఇమ్మనియు వ్రాయలేదు. కుంట శిఖములోని భాగమును దరఖాస్తునుండి పూర్తిగ తొలగింపవలెనని మొదట వ్రాసితిమి. అందులో తూచవలసిన దేదియు లేదు. గుట్టనుగూర్చి ప్రశ్నలు వ్రాసితిమి. ఇండ్లకు ఎంతదూరము విడిచెదరు? ఎంత లోతు? దినమునకు ఎన్ని బండ్లు, ఏ దారిన? గుట్టనుండి కుంటకు పారు వాననీటి కాలువను ఎవరు కాపాడుదురు? పని ముగిసినపిమ్మట గుంటను ఎవరు చదును చేయుదురు, దానికగు సొమ్మును ముందుగ ఎచ్చట నుంచెదరు? వీనికి జవాబులు తెలుగులో వ్రాసి, గ్రామసభలో చదివి వినిపించువరకు అనుమతి యీయరాదని ముగించితిమి. వృద్ధుడు విని, "గిన్ని అడుగొచ్చా సారూ?" అనెను. అడుగవచ్చునని ఆయనకు డెబ్బదియేండ్లలో ఎవ్వరును చెప్పలేదు. ఆయన వ్రేలిముద్ర వేయలేదు; వణకుచేతితో నాలుగక్షరములు కూడబలుకుకొని సంతకమే చేసెను. జవా బింకను రాలేదు.

కాని ఆయన మమ్మడిగిన ప్రశ్న మాయొద్దనే మిగిలినది. ఒక ఆదివారమున, నాడు మా యింటికి మొరము తోలిన ట్రాక్టరువానిని వెదకి పట్టుకొని అడిగితిమి. అతడు కొంత ఆలోచించి, మమ్మొక తండాచెంతకు తీసికొనిపోయెను. అక్కడ సగము కోసిన గుట్టయు, దాని క్రింద నిలువునా తెగిన గుంటయు కలవు. గుంటలో పచ్చని నీరు. కంచె లేదు. బట్ట లుతుకుచున్న యొక స్త్రీ, రెండేండ్లక్రింద తమ దూడ అందులో పడి చచ్చెనని చెప్పెను. పిల్లలను అటు పోనీయమనెను. ఎవరు త్రవ్విరో ఆమెకు తెలియదు. మాకు తెలియును. మేము ఏ దరఖాస్తుమీదను సంతకము పెట్టలేదు, ఏ యధికారిని అనుమతి కోరలేదు. అయినను ఆ గుంటలో కొన్ని ట్రాక్టరుల ఖాళీ మాది.

తండా పెద్దలతో మాటాడి, గుంటచుట్టు కంచె వేయుటకు మావంతు పైకమిచ్చి వచ్చితిమి. దానితో ఋణము తీరినదని మేమనుకొనుట లేదు. గుట్టను మరల పోయలేము. చదువరులలో ఇల్లు కట్టదలచినవారుందురు. మేస్త్రీని ఇటుకధర యడుగునప్పుడే, మొరము ఏ గుట్టదో, ఇసుక ఏ రేవుదో గూడ అడుగుడని మా ప్రార్థన. వీలైనచో ఒకసారి పోయి చూచి రండు.